ట్యాంకు బొమ్మా, చారిత్రక యథార్థతా

మొన్నటి సెప్టెంబరులో కాప్రాలో మా కాలనీ విద్యార్థులు ఒక చిన్న ప్రదర్శన పెట్టారు. డిగ్రీ చదువుతున్న ఒక కుర్రవాడు తాను తయారుచేసిన షెర్మన్ ట్యాంకు నమూనాను అందులో వుంచాడు. అసలు ట్యాంకును ముప్ఫయి అయిదో వంతుకు కుదించిన బొమ్మ. జానెడు పొడవైనా లేదు. దానికి అయిదుగురు సిబ్బంది. కింద అట్టమీద "నల్దుర్గ్ – ఉమర్గా దారి, 1948 సెప్టెంబరు 13" అని రాసి వుంది. ఆ పనిలో నా పాత్ర కూడా కొంత వుంది. చాలా ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి గనక ఆ కుర్రవాడు సందేహాలు తీర్చుకోవటానికి నా దగ్గరకు వచ్చేవాడు. సందేహాలు తీర్చటంతో మొదలుపెట్టి, చివరకు నేనే గరుకు కాగితం పట్టుకుని టరెట్టు అతుకులు రుద్దేదాకా వెళ్ళాను.

ఈ సంగతి తెలిసి మన సాహిత్య మిత్రుడొకాయన నన్ను నిలదీశాడు. "యుద్ధ వాహనాలను ముద్దుచేసే యీ సరదా మనకెందుకు? బోల్టులు లెక్కపెడుతూ కూర్చుంటే చరిత్ర తెలుస్తుందా? పిల్లల చేతికి పుస్తకం ఇవ్వవలసిన మీరు ట్యాంకు ఇస్తారా?" అన్నాడు. ఆయన మాటల్లో ఆవేశం వుంది, సదుద్దేశం కూడా వుంది. అందుచేత జవాబు చెప్పక తప్పదు.

అదే ప్రదర్శనకు వచ్చిన మరొకాయన, ఇలాంటి నమూనాలు చెయ్యటంలో చెయ్యి తిరిగినవాడు, సరిగ్గా దీనికి ఎదురుమాట అన్నాడు. "ట్యాంకు ట్యాంకులాగా వుంటే చాలు. ఇందులోకి రాజకీయాలు తీసుకురాకండి" అన్నాడు.

ఈ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. కాని ఇద్దరూ చేస్తున్న పొరపాటు ఒక్కటే. వివరం వేరు, చరిత్ర వేరు అని ఇద్దరూ నమ్ముతున్నారు. ఒకాయన చరిత్ర కావాలని వివరాన్ని పారేస్తాడు. రెండో ఆయన వివరం కావాలని చరిత్రను పారేస్తాడు.

ముందు మన మిత్రుడి సంగతి చూద్దాం. సైనిక విషయాలు అభ్యుదయవాదులు ముట్టుకోగూడనివైతే ఎంగెల్స్‌ను ఏం చేద్దాం? సైనిక శాస్త్రాన్ని ఆయన ఎంత పట్టుదలగా చదివాడంటే మిత్రులు ఆయన్ను "జనరల్" అని పిలిచేవారు. 1857 నుంచి ఒక అమెరికన్ విజ్ఞాన సర్వస్వానికి సైన్యాల గురించీ, ఫిరంగుల గురించీ వ్యాసాలు రాశాడు. యుద్ధమంటే ముద్దుకొద్దీ చేసిన పని కాదది. ఆయుధాన్ని ఎవరు చేశారు, ఎవరు మోశారు, దాని ఖర్చు ఎవరి నెత్తిన పడింది అనే ప్రశ్నలు ఆయుధాన్ని దగ్గరగా చూసినవాడికే తడతాయి. దూరంనుంచి తిట్టేవాడికి తిట్టు మాత్రమే మిగులుతుంది.

బోల్టుల లెక్క వ్యర్థమని ఎలా అనగలం? ఒక ఉదాహరణ చెబుతాను. షెర్మన్లలో పలు రకాలున్నాయి. వాటిలో ఎం4ఎ4 అనే రకం తొలి రకాలకంటే సుమారు ఇరవై సెంటీమీటర్లు పొడవు. మా బొమ్మ కొలతలో అది ఆరు మిల్లీమీటర్లు. ఆ ఆరు మిల్లీమీటర్ల గురించి ఆ కుర్రవాడు నెల రోజులు తిప్పలు పడ్డాడు. "ఎందుకు పొడవైంది?" అని నేనడిగాను. వెతికితే తెలిసింది. షెర్మన్‌కు మొదట వాడింది విమానాల ఇంజన్. విమానాలకే ఇంజన్లు చాలక కటకటగా వున్నప్పుడు డెట్రాయిట్‌లో క్రిస్లర్ కంపెనీవాళ్ళు అయిదు కారు ఇంజన్లను ఒకటిగా బిగించి ట్యాంకులో పెట్టారు. ముప్ఫయి సిలిండర్ల ఆ బరువైన ఇంజను పట్టటానికి ట్యాంకు వెనకభాగాన్ని పొడిగించవలసి వచ్చింది. 1942, 43 సంవత్సరాల్లో అలాంటివి 7,499 తయారైనాయి. వాటిలో అత్యధిక భాగం బ్రిటన్‌కు చేరాయి. 1945లో బర్మాలో మెయిక్తిలా దగ్గర షెర్మన్లు నడిపిన దళాల్లో డెక్కన్ హార్స్ ఒకటి. దాని మూలం మన పక్కనే బొల్లారంలో దండు విడిసిన హైదరాబాద్ కంటింజెంట్. చూశారా? ఆరు మిల్లీమీటర్ల తేడా పట్టుకుని పోతే అమెరికా కార్ఖానాలూ, బ్రిటిష్ సామ్రాజ్యమూ, బొల్లారమూ ఒక్క తాడుమీదికి వచ్చాయి. వివరం చరిత్రకు అడ్డం కాలేదు, వాకిలి అయింది.

ఇక రెండో ఆయన. ఆయన వాకిలిదాకా వచ్చి గుమ్మంలోనే చతికిలబడే మనిషి. ఆయన గర్వమంతా కొలతలో వుంది. ఆ కొలతకు మాత్రం చరిత్ర లేదా? 1960ల మొదట్లో జపానులో టమియా కంపెనీ జర్మన్ పాంథర్ ట్యాంకు బొమ్మ చేసింది. లోపల మోటారూ, బాటరీలూ పట్టాలి గనక వాటికి తగినట్టు బొమ్మ పరిమాణం నిర్ణయించారు. తరవాత లెక్కవేస్తే అది సుమారు ముప్ఫయి అయిదో వంతు అని తేలింది. క్రమంగా ప్రపంచమంతా అదే కొలత అయి కూర్చుంది. అంటే చారిత్రక యథార్థతకు ఆయన పట్టుకున్న కొలబద్ద బాటరీ పుణ్యాన పుట్టిందన్నమాట! అందుకు నాకు ఆక్షేపణ లేదు. కాని యీ కొలతను సరుకుల మార్కెట్టు పుట్టించినట్టే, ఈ కొలతలో ఎవరి బొమ్మ వుండాలో, ఎవరి బొమ్మ వుండనక్కర్లేదో కూడా మార్కెట్టే నిర్ణయిస్తున్నదని ఆయన గమనించాలి. జర్మన్ సైనికుడి బొమ్మలు, కోటు గుండీలతో సహా, పెట్టెలకు పెట్టెలు దొరుకుతాయి. గొంగడి కప్పుకున్న తెలంగాణా రైతు బొమ్మ మాకు ఏ పెట్టెలోనూ దొరకలేదు.

సిబ్బంది బొమ్మల దగ్గర అసలు సంగతి బయటపడింది. షెర్మన్‌లో అయిదుగురు వుంటారు. టరెట్టులో కమాండరూ, గన్నరూ, గుండ్లు ఎక్కించే లోడరూ. ముందుభాగంలో డ్రైవరూ, అతని పక్కన మెషీన్‌గన్ పట్టే సహాయకుడూ. పెట్టెలో వచ్చిన అయిదు బొమ్మలూ అయిదు రొమ్ములు విరుచుకుని వున్నాయి. ప్రదర్శన చూడటానికి సైనిక్‌పురినుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ట్యాంకు దళంలో హవల్దారుగా పనిచేసి రిటైరైనవాడు. చాలాసేపు వంగి చూసి, "మాస్టారూ, వీడు లోడరే గదా? వీడి చేతులు ఇంత శుభ్రంగా ఎలా వున్నాయండీ?" అన్నాడు. తరవాత కుర్రవాడితో, "బాబూ, ఎండలో లోపల కూచుంటే పొయ్యిలో కూచున్నట్టే వుంటుంది. చేతులు నూనె, మసి. పైకి తల పెట్టినవాడు గాలికోసం పెడతాడు, ఫోటోకోసం కాదు" అన్నాడు.

ఆ మాటతో అయిదుగురు వీరులు పోయి అయిదుగురు పనివాళ్ళు మిగిలారు. కుర్రవాడు వాళ్ళ భుజాలు కోసి, కిందికి వంచి, లప్పంతో మళ్ళీ అతికాడు. చేతులకు మసి పూశాడు. నా ఉద్దేశంలో ఆ రాత్రే ఆ బొమ్మకు చారిత్రక యథార్థత వచ్చింది. హవల్దారుగారికి లోడరు చెయ్యి ఎలా వుంటుందో తెలియటానికి ఏ సిద్ధాంతమూ అడ్డం రాలేదు. ఆ చెయ్యి ఆయనది.

అయితే అక్కడితో ఆగగలమా? ట్యాంకు దానంతటది గాలిలో తేలదు. దారిమీద నడుస్తుంది. ఆ దారి ఎవరిది? కుర్రవాడు గొలుసు పట్టాలకు నల్లరేగడి రంగు బురద పూశాడు. నల్దుర్గ్ ప్రాంతపు మన్ను నలుపే, సెప్టెంబరు వానల నెలే. బురద సరిగ్గానే వుంది. బురదలో నడిచే మనుషులు మాత్రం లేరు. ఒకనాటి సాయంత్రం అతను నన్నడిగాడు: "సార్, ట్యాంకుకు ఎదురుగా ఎవరిని నిలబెట్టమంటారు?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పాఠకులు కూడా తొందరపడి చెప్పవద్దని మనవి.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలో ప్రవేశించింది. షోలాపూర్ వైపునుంచి వచ్చిన దళాలు మొదటిరోజే నల్దుర్గ్ దాటి ఉమర్గా చేరుకున్నాయి. తూర్పున విజయవాడ వైపునుంచి వచ్చినవి కోదాడ, మునగాల పట్టుకున్నాయి. 17న నైజాం ప్రభువు లొంగిపోయాడు. మరునాడు ఆయన సేనాని ఎల్ ఎద్రూస్ జనరల్ చౌదరికి సైన్యాన్ని అప్పగించాడు. దానికి ఇంకా నెల కాకముందు, ఆగస్టు 27న, రజాకార్లు బైరాన్‌పల్లిమీద పడి ఊచకోత కోశారు. ఆ ఊరివాళ్ళు బురుజెక్కి, ఒడిసెలలతో, నాటు తుపాకులతో ఎదిరించినవాళ్ళు. అలాంటి ఊళ్ళలో రజాకార్ల పీడ పోయిందని సంతోషించిన జనం లేరనగలమా? అనలేం.

కాని నల్దుర్గ్, ఉమర్గా వున్నది అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో. సైనిక చర్య తరవాత నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ, ముస్లిములమీద హత్యాకాండ అత్యంత తీవ్రంగా జరిగిన నాలుగు జిల్లాల్లో ఉస్మానాబాద్‌ను చేర్చింది. తక్కినవి గుల్బర్గా, బీదర్, నాందేడ్. సంస్థానం మొత్తంమీద పోయిన ప్రాణాలు 27 వేలనుంచి 40 వేలదాకా వుంటాయని ఆ కమిటీ అంచనా. ఆ నివేదికను దశాబ్దాలపాటు ప్రజల కంటపడనివ్వలేదు. ఇక తెలంగాణా జిల్లాల్లో, రజాకార్లను ఎదిరించిన రైతులమీదికే తరవాత సైన్యమూ, పోలీసులూ మళ్ళారు. దున్నుకుంటున్న భూమి మళ్ళీ దొర చేతికి పోకుండా రైతులు పోరాడుతూనే వున్నారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా ఇది సాగింది. మొత్తం పోరాటంలో నాలుగు వేలమంది కమ్యూనిస్టులూ, రైతువీరులూ ప్రాణాలు కోల్పోయారని 1972లో వెలువడిన సుందరయ్య గ్రంథం చెబుతున్నది.

ఇప్పుడు చెప్పండి, ట్యాంకుకు ఎదురుగా ఎవరిని నిలబెడదాం? దండ పట్టుకున్నవాణ్ణా? పారిపోతున్న రజాకారునా? రేపు ఏం జరగబోతున్నదో తెలియక గుమ్మంలో నిలబడ్డ ముస్లిం స్త్రీనా? సెప్టెంబరు 17ను 2022లో కేంద్రప్రభుత్వం విమోచన దినమన్నది, రాష్ట్రప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమన్నది. 2024లో రాష్ట్రప్రభుత్వం దానికి ప్రజాపాలన దినోత్సవమని పేరుపెట్టింది. పేరు పెట్టినవాళ్ళందరూ తమకు కావలసిన ఒక్క బొమ్మను నిలబెట్టి తక్కినవాటిని పెట్టెలో దాచారు. ట్యాంకు మాత్రమే చాలుననే మన రెండో ఆయన ఏ బొమ్మా పెట్టనని అంటున్నాడు. అది రాజకీయం కాదని ఆయన భ్రమ. ఎవరూ లేని దారిమీద నడిచే ట్యాంకు ఎవరినీ చంపదు, ఎవరినీ కాపాడదు. పాలకులకు అంతకంటే కావలసిందేముంది?

మన మిత్రుడికి ఈ పేరా నచ్చే వుంటుంది. కాని ఆయనతో నా పేచీ ఇంకా తీరలేదు. నమూనాల పెట్టెలో రైతు బొమ్మ లేదని మనం మార్కెట్టును తిడుతున్నాం. సరే. మన కథల్లో, నవలల్లో వున్న రైతు సంగతి ఏమిటి? ఎత్తిన పిడికిలి, ఎర్రబారిన కళ్ళు, చివరి పేజీలో ఉపన్యాసం. దొరకు బొజ్జ, మీసం, చేతిలో కొరడా. ఒకే అచ్చులో పోసి తీసిన బొమ్మలు ఇవి కావా? పోరాటంలో పాల్గొన్న మనిషి ఒడిసెల ఎలా విసిరేవాడో, పట్వారీ కాగితంలో ఏముండేదో, దొర గడీలో వెట్టి చేసిన స్త్రీ తెల్లవారుజామున ఏ పనితో మొదలుపెట్టేదో మనలో ఎంతమంది కనుక్కుని రాశారు? 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరంలో ఎంగెల్స్ వివరాల సత్యం ఒక్కటే చాలదన్న సంగతి మనకు బాగా జ్ఞాపకం. వివరాల సత్యం అక్కర్లేదని ఆయన అనలేదన్న సంగతి మాత్రం మరిచిపోయాం. ఒక కుర్రవాడు ఆరు మిల్లీమీటర్లకోసం నెల రోజులు వెచ్చించాడు. ఆరు మిల్లీమీటర్లు కాదు, ఆరు ఆమడల తేడా వున్నా సర్దుకుపోయే మనం అతన్ని చూసి నవ్వటం న్యాయం కాదు.

ఆ కుర్రవాడు ఇప్పుడు రెండు పనులు పెట్టుకున్నాడు. ఒకటి, ఆ దారి పక్క మనుషులు. లప్పమూ, తీగా తీసుకుని ఒక్కొక్కరినే చేస్తున్నాడు. అప్పటి దుస్తులు ఎలా వుండేవో ముసలివాళ్ళను అడిగి తెలుసుకుంటున్నాడు. దండ పట్టుకున్నవాడూ వుంటాడు, గుమ్మంలో స్త్రీ కూడా వుంటుంది. ఎవరినీ పెట్టెలో దాచనని అన్నాడు. రెండోది, బైరాన్‌పల్లి బురుజు. అది ఇప్పటికీ నిలిచి వుంది. వెళ్ళి తాడుతో కొలిచి వచ్చాడు. అదే ముప్ఫయి అయిదో వంతులో కడుతున్నాడు. ఆ బురుజు పెట్టె ఏ దేశపు దుకాణంలోనూ దొరకదు గనక ప్రతి రాయీ తానే చెయ్యాలి.

బురుజుమీద మొదటి బొమ్మ తయారుచేసి మొన్న నాకు చూపించాడు. ఒడిసెల తిప్పుతున్న మనిషి. చెయ్యి ఎత్తిన తీరు నాకు అనుమానంగా తోచి, "ఒడిసెల అలా తిప్పుతారా?" అని అడిగాను. "తెలియదు సార్. చేలో పిట్టలను తోలినవాళ్ళు ఎవరైనా వుంటే అడగాలి" అన్నాడు. వచ్చే ఆదివారం ఇద్దరం వెళుతున్నాం. మన మిత్రుణ్ణి కూడా రమ్మంటున్నాను. ఆయన రాయబోయే నవలకు పనికివస్తుంది.