పరామర్శకు వెళ్ళేముందు

సైన్యంలో పనిచేస్తూ చిన్నవయస్సులో పోయిన కుర్రవాడి ఇంటికి వెళ్ళవలసి వచ్చిందనీ, ఆ తల్లితో, భార్యతో ఏం మాట్లాడాలో తోచటం లేదనీ ఒక సోదరి రాశారు.

“నీకేమమ్మా, వీరమాతవు” అనటం మనకు అలవాటైపోయింది. ఆ మాట అబద్ధం కాదు. కాని కడుపుకోతతో ఉన్న మనిషి చెవికి అది “ఏడవకు” అన్నట్టే వినిపిస్తుంది. దేశం కోసం పోయినా కొడుకు కొడుకే గదా!

పార్థివ శరీరం ఇంటికి రావటం, ఊరంతా కదలటం మనం ఇటీవలి కాలంలో చూస్తున్నవి. పూర్వం తంతి వచ్చేది; మనిషి వచ్చేవాడు కాదు. 1962 నవంబరు 18న లడఖ్‌లోని రెజాంగ్ లా దగ్గర మేజర్ షైతాన్ సింగ్, ఆయన కంపెనీలోని నూరుమందికి పైగా జవాన్లు చైనా సేనలతో పోరాడి ప్రాణాలు విడిచారు. వాళ్ళ శరీరాలు మంచులోనే ఉండిపోయాయి. 1963లో గాని మనవాళ్ళు అక్కడికి చేరలేకపోయారు. మేజర్ శరీరాన్ని జోధ్‌పూర్ తీసుకువెళ్ళారు. తక్కినవాళ్ళకు ఆ కొండల దగ్గరే చితి పేర్చారు. ఆ జవాన్లలో చాలామందివి ఇప్పటి హర్యానా పల్లెలు. అన్ని నెలలూ ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు నుదుట కుంకుమ ఉంచుకోవాలో, తుడుచుకోవాలో తెలియక ఎలా గడిపారో!

1999 కార్గిల్ యుద్ధం నాటినుంచి శవపేటికను సొంత ఊరికి చేర్చటం ఆనవాయితీ అయింది. మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు అలాగే వచ్చాడు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివినవాడు. 2020 జూన్ 15 రాత్రి, ఆ లడఖ్‌లోనే గల్వాన్ లోయలో, మరి 19 మందితో పాటు పోయాడు. అప్పటికి 37 ఏళ్ళు. షైతాన్ సింగ్‌కూ పోయేనాటికి అంతే. తరువాత మహావీరచక్ర ఇచ్చారు. భార్యకు రాష్ట్ర ప్రభుత్వం డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం ఇచ్చింది. బాగా చేశారు.

అందరికీ ఇంత జరగదు. మంచుపెళ్ళలు విరిగిపడి, లారీ లోయలోకి దొర్లి పోయిన సిపాయిలు ఎందరు లేరు! వాళ్ళూ డ్యూటీ మీద పోయినవాళ్ళే. పత్రికలో నాలుగు పంక్తులు వస్తాయి. పదకొండో రోజు దాటాక ఆ గుమ్మం ఎక్కేవాళ్ళుండరు.

ఆ తరువాత కష్టమంతా ఆ చిన్నదానిది. పాతికేళ్ళయినా నిండని పిల్ల. ఒక సంగతి వింటే ఆశ్చర్యపోతారు. శౌర్య పతకంతో వచ్చే నెలసరి భత్యం, వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆగిపోయేది. భర్త అన్ననో తమ్ముణ్ణో చేసుకుంటే మాత్రం ఆగేది కాదట! ఆ షరతు 2017 నవంబరులో గాని తీసెయ్యలేదు. వీరేశలింగంగారు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881లో. లెక్క మీరే వేసుకోండి. రూలు పోయింది, సంతోషమే. కాని “మరిదికిచ్చి చేస్తే ఇంటి డబ్బు ఇంట్లోనే ఉంటుంది గదా” అనే పెద్దమనుషులు ఇంకా పోలేదు.

అందుచేత, సోదరీ, నలుగురితో కలిసి మొదటి రోజే వెళ్ళినా, జనం పల్చబడ్డాక మరోసారి వెళ్ళండి. ఆ తల్లి వాడి చిన్ననాటి అల్లరి చెప్పబోతే మాట మార్చకండి. వాడి పేరు మీరూ ఎత్తండి. పసిబిడ్డ ఉంటే కాసేపు ఎత్తుకోండి. ఆ అమ్మాయి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళవలసి వస్తే తోడు వెళ్ళండి. ఎవరో తెచ్చిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టనివ్వకండి.

ఎంత డబ్బు వచ్చిందని మాత్రం అడక్కండి. ఆ ప్రశ్న ఇప్పటికే ఊళ్ళో పదిమంది అడిగి ఉంటారు.