హెచ్చరిక ఎవరి భాషలో?

మూలికా వైద్యం ప్రసక్తి వస్తే ఢిల్లీలో వినిపించేవి రెండే వాదాలు. ఒకరికి అది ఋషులిచ్చిన వరం, మరొకరికి వట్టి మూఢనమ్మకం. ఈ వారం పుదుచ్చేరిలో వున్న నాకు ఈ రెండు పక్షాలూ పట్టించుకోని ప్రశ్న ఒకటి తోచింది. మందులో విషద్రవ్యం వున్నదని రోగికి ఏ భాషలో చెప్పాలి?

ఇక్కడ గూబేర్ మార్కెట్టు పరిసరాల్లో వేళ్లు, బెరళ్లు, చూర్ణాలు అమ్మే నాటు మందుల దుకాణాలకు కొదవలేదు. ఆకు పసరుతో హాని ఏముంటుందన్న ధీమా మన పల్లెల్లో ఎంతో ఇక్కడా అంతే. ఆ ధీమా ఎంత ప్రమాదకరమో ఈ ఊరి జిప్మర్ ఆసుపత్రికి తెలుసు. తమిళులు ఒడువన్ అని పిలిచే చెట్టు ఆకుల విషం సోకిన రోగులను గురించి అక్కడి వైద్యులు 2003లోనే ఒక పరిశీలన ప్రచురించారు. రక్తంలో పొటాషియం పడిపోయి మూత్రపిండాలు, గుండె దెబ్బతింటాయి. అది అంగడి మందు కాదు. కాని ఆకైనంత మాత్రాన ఏదీ సాధువు కాదనడానికి అంతకుమించిన నిదర్శనం అక్కరలేదు.

మన ప్రాచీన వైద్యులు ఈ సంగతి ఎరుగనివారు కారు. వత్సనాభిని, విషముష్టిని శుద్ధి చేయనిదే వాడరాదన్నారు. వత్సనాభిని బాగా ఉడికిస్తే దాని విష తీవ్రత తగ్గుతుందని నేటి రసాయన శాస్త్రమూ అంగీకరిస్తున్నది. ఆ శుద్ధి లోపిస్తే గుండె లయ తప్పి ప్రాణాపాయం కలుగుతుంది.

చట్టానికీ ఇది తెలియనిది కాదు. ఔషధ నియమావళిలోని ఇ-1 షెడ్యూలు విషద్రవ్యాల పట్టికే. గన్నేరు, ఉమ్మెత్త, గురివింద అందులోనివే. వీటితో తయారైన, కడుపులోకి పుచ్చుకునే మందుల మీద వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక స్పష్టంగా ముద్రించాలని 161వ నియమం ఆదేశిస్తున్నది. అయితే ఆ ఆదేశం ఇంగ్లీషుకు, హిందీకి మాత్రమే పరిమితం!

పుదుచ్చేరిలో తమిళానికి, యానాంలో తెలుగుకు, మాహేలో మలయాళానికి 1965 నాటి అధికార భాషా చట్టం స్థానం కల్పించింది. ప్రభుత్వ కాగితానికి దక్కిన ఆ మర్యాద ప్రాణాలు కాపాడవలసిన ఒక్క వాక్యానికి దక్కలేదు. ఇది హిందీ మీద కోపంతో అంటున్న మాట కాదు. యానాంలోని తల్లికి చదవరాని హెచ్చరిక హెచ్చరికే కాదు.

ఈ మందుల ప్రకటనలను అదుపు చేసేందుకు కేంద్రం 2018లో తెచ్చిన 170వ నియమాన్ని 2024లో తానే తొలగించింది. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సీసా మీది హెచ్చరిక భాషను గురించి మాత్రం అంతటి అలజడి లేదు. అమ్మే ప్రాంతపు భాషను కూడా తప్పనిసరి చేయడానికి కోట్లు అక్కరలేదు, కొత్త చట్టమూ అక్కరలేదు. నియమంలో ఒక్క సవరణ చాలు. మన పార్లమెంటు సభ్యులు ఆ మాత్రం అడగలేరా?