గృహప్రవేశానికి ముందే పిల్లి సంగతి

హైదరాబాద్ శివార్లలో లేస్తున్న గేటెడ్ కమ్యూనిటీల బ్రోచర్లు తిరగేస్తే ఇప్పుడు క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ పక్కన ‘పెట్ పార్క్’ అనే మాట కూడా కనిపిస్తోంది. అది కుక్కల కోసం. పిల్లి పార్కుకు రాదు, గొలుసు కట్టించుకోదు, లిఫ్టులో ఎవరితోనూ తగువు తేదు. దాని లోకమంతా ఫ్లాటు లోపలే. అయినా కొత్త ఇల్లు కట్టించుకునేవారు ఈశాన్యం మూల గురించి నలుగురు పండితులను అడుగుతారు గానీ, రాత్రీ పగలూ ఆ ఇంట్లోనే ఉండే ప్రాణికి ఏం కావాలో ఆర్కిటెక్టుకు ఒక్క ముక్క చెప్పరు. గోడలకు పుట్టీ పట్టి, ఇంటీరియర్ బిల్లు కట్టేశాక గుర్తొస్తుంది. అప్పటికిక ఏ చిన్న మార్పుకైనా డ్రిల్లింగూ దుమ్మూ ఖర్చూ తప్పవు.

అన్నిటికన్నా ముందు చూడాల్సినవి కిటికీలు, బాల్కనీలు. న్యూయార్క్‌లోని యానిమల్ మెడికల్ సెంటర్ పశువైద్యులు, ఎత్తైన భవనాల నుంచి పడి తమ దగ్గరకు వచ్చిన 132 పిల్లుల వివరాలను 1987లో ప్రచురించారు. అవి సగటున ఐదున్నర అంతస్తుల ఎత్తు నుంచి పడ్డాయి. చికిత్స అందినవాటిలో 90 శాతం బతికాయి. ఈ అంకె చూసి ‘పిల్లి ఎలా పడ్డా కాళ్ల మీదే నిలుస్తుందిలే’ అని ధీమా పడేవారున్నారు. పడినచోటే ప్రాణం పోయిన పిల్లిని ఎవరూ ఆసుపత్రికి తీసుకురారు కాబట్టి, అది ఆ లెక్కలోకే రాదు. బతికినవాటిలోనూ చాలావాటికి ఛాతీకి దెబ్బలు తగిలాయి, దవడలూ కాళ్లూ విరిగాయి.

మన నగరాల్లో దీనికి పావురాలు తోడు. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ మీద వాలిన పావురం మీద చూపు నిలిస్తే పిల్లికి తానున్నది ఏడో అంతస్తు అన్న స్పృహ ఉండదు. విచిత్రమేమిటంటే ఆ పావురాల బెడదకే చాలామంది బాల్కనీలకు వల కట్టిస్తున్నారు. అదే పిల్లినీ కాపాడుతోంది. అయితే నైలాన్ వల ఎండకు పెళుసెక్కుతుంది, మూలల్లో హుక్కులు వదులవుతాయి. అప్పుడప్పుడూ చేత్తో లాగి చూడాలి. ఇన్విజిబుల్ గ్రిల్ పెట్టించుకునేవారు తీగకూ తీగకూ మధ్య ఎడం అడగాలి. పెద్ద పిల్లి ఆగినచోట కూన దూరిపోతుంది. యూపీవీసీ కిటికీలకు వచ్చే మామూలు ఫైబర్ దోమతెర పిల్లిగోళ్లకు ఎంతోకాలం ఆగదు. ఆర్డరు ఇచ్చేటప్పుడే స్టీలు మెష్ అడిగితే సరిపోతుంది. గాజు రెయిలింగ్ సంగతి వేరే చెప్పాలా? చూపుకు బాగుంటుంది, దాని అంచు మీద గోరు మాత్రం నిలవదు.

ఇక ఇంటి లోపల. పాత పెంకుటిళ్లు పిల్లిని లెక్కలోకి తీసుకునే కట్టినట్టుంటాయి. దూలానికి ఉట్టి వేలాడేది దాన్నుంచి పాలూ పెరుగూ కాపాడడానికే. అటక, చూరు, పెరటి గోడ దాని రాజ్యం. ధాన్యం ఉన్న ఇంట్లో ఎలుకల కోసం దాని రాకపోకలకు ఎవరూ అడ్డు చెప్పేవారు కాదు. ఫ్లాటులో ఆ ఎత్తులన్నీ పోయి నేల ఒక్కటే మిగిలింది. పన్నెండు వందల చదరపు అడుగులన్నది మన కొలత. పిల్లి చూసేది ఎంత ఎత్తుకు ఎక్కవచ్చు, భయమేస్తే ఎక్కడ దాక్కోవచ్చు, ఏ కిటికీలోంచి వీధి కనిపిస్తుంది అన్నదే.

అమెరికాలో శాన్ డియేగోకు చెందిన ఫొటోగ్రాఫర్ బాబ్ వాకర్, ఆయన భార్య ఫ్రాన్సిస్ మూనీ తమ ఇంట్లో గోడలకు చిల్లులు పెట్టి, పైకప్పు కింద వంద అడుగులకు పైగా పిల్లి దారులు వేశారు. ఆ ఇంటి మీద 1996లో పుస్తకమే వచ్చింది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో అపార్టుమెంట్ల బయటి గోడలకు పై అంతస్తుల నుంచి నేల దాకా పిల్లి నిచ్చెనలు కనిపిస్తాయి. వాటిని ఫొటోలు తీసి బ్రిగిట్టె షూస్టర్ 2019లో పుస్తకం వేశారు. బెర్న్ నిచ్చెన మనకు పనికిరాదు. కిందికి దిగితే వీధికుక్కలూ వాహనాలూ కాచుకుని ఉంటాయి. శాన్ డియేగో పద్ధతి మాత్రం పనికొస్తుంది, అదీ తక్కువ ఖర్చుతో. మన ఇళ్లలో లింటెల్ ఎత్తులో ఎలాగూ అటక పోస్తాం. దాని చివర రెండడుగులు చెక్క తలుపులతో మూసేయకుండా వదిలి, కింది నుంచి మూడు నాలుగు పలకలు మెట్లుగా బిగిస్తే చాలు. దానికి దగ్గర్లో ఒక గట్టి గుంజకు కొబ్బరితాడు చుట్టి నిలబెడితే కొత్త సోఫా మీదికి పోయే గోళ్లు అటు తిరుగుతాయి. గుంజ ఊగకూడదు, పిల్లి ఒళ్లు విరుచుకునేంత పొడవుండాలి.

లిట్టర్ బాక్సుకు యుటిలిటీ ఏరియా తగిన చోటే. కానీ గడగడలాడే వాషింగ్ మెషిన్‌కు ఆనించి పెట్టకూడదు, తిండి గిన్నె దగ్గర అసలే వద్దు. ఎన్ని పిల్లులుంటే వాటికన్నా ఒక బాక్సు ఎక్కువ ఉండాలంటారు పశువైద్యులు. యుటిలిటీ తలుపు కింద పిల్లి దూరేంత రంధ్రం వడ్రంగితో ముందే కోయించుకుంటే ఆ తలుపు రోజంతా తెరిచి ఉంచక్కర్లేదు.

ప్లానులో కనిపించని ప్రమాదాలూ ఉన్నాయి. కొత్త టైల్స్ తళతళలాడాలని తుడిచే నల్ల ఫినాయిల్ వాటిలో మొదటిది. ఫినాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే ఆ విషం నేరుగా కడుపులోకే. బీరువాల్లో వేసే కలరా ఉండలూ అంతే. గృహప్రవేశానికి బంధువులు తెచ్చే పూలగుత్తుల్లో లిల్లీలు ఉంటే గుమ్మంలోనే ఏరేయాలి. వాటి పుప్పొడి నాకినా పిల్లి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

అపార్టుమెంటు అసోసియేషన్ అభ్యంతరం చెబితే? మెజారిటీ తీర్మానం చేసినా పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో చెప్పింది. అక్కడా ప్రస్తావన ప్రధానంగా కుక్కలదే! అందుకే ఫ్లాటు కొనేముందు సంఘం నియమావళి అడిగి చదవడం మేలు, ముఖ్యంగా బాల్కనీ బయటివైపు వలలూ గ్రిల్సూ బిగించుకోనిస్తారా అన్నది.

పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందన్న మాట విని ఇల్లు మారడం దానికి అలవాటే అనుకోకూడదు. ఎదిగిన పిల్లి తన చోటును, ఆ చోటి వాసననే నమ్ముకుంటుంది. హోమం పొగ, పాలు పొంగించే హడావుడి, వందమంది భోజనాల మధ్యకు దాన్ని ఈడ్చుకురావడం క్రూరత్వమే. సందడి సద్దుమణిగాక తెచ్చి, మొదటి కొన్నాళ్లు ఒకే గదిలో పాత దుప్పటితో ఉంచాలి, ఆ దుప్పటిని ఉతక్కుండా. వల బిగించే మనిషి ‘ఎల్లుండి వస్తా’నంటే పిల్లి ప్రవేశం ముహూర్తం కూడా ఎల్లుండి తర్వాతే.