‘ఏం లేదమ్మా’ అన్న చోట

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉండే మన పిల్లల బ్యాగుల్లో ల్యాప్‌టాప్ చార్జర్ పక్కన కంటి చుక్కల సీసా కూడా మామూలైపోయింది. చాలామందికి ఆ చుక్కలతోనే సర్దుకుంటుంది. కొందరికి మాత్రం ఎన్ని సీసాలు వాడినా మంట తగ్గదు, ట్యూబ్‌లైటు వెలిగితే పోటు. డాక్టరు మిషన్లో చూసి ‘కార్నియా శుభ్రంగా ఉంది, ఏం లేదమ్మా’ అంటారు. ఇంట్లోవాళ్లు ‘అంతా నీ టెన్షన్’ అని తేల్చేస్తారు.

కార్నియాలో నరాల చివళ్లు చర్మంలో కన్నా కొన్ని వందల రెట్లు ఎక్కువ. లాసిక్ చేయించుకున్నాకో, నుదుటి మీద అక్కి లేచి తగ్గాకో, ఏళ్లతరబడి కళ్లు పొడిబారో ఆ నరాలు దెబ్బతింటే, పైకి అంతా మానినా లోపల నొప్పి ఆగకపోవచ్చు. ఈ ఊళ్లోనే నారాయణ నేత్రాలయలో రోహిత్ శెట్టి బృందం కార్నియా నరాలను కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్‌లో చూసి, పొడికంటి రోగుల్లో వాటి తీరునూ, విటమిన్ డినీ పరిశీలించి 2016లో వ్యాసం ప్రచురించింది. ‘ఏం లేదు’ అనేముందు ఇంకా లోతుగా చూసే వీలుందన్నమాట.

ఇప్పుడు ఈ నొప్పికి కరెంటు వైద్యం మాట. మోచేతికి దెబ్బ తగిలితే చటుక్కున రుద్దుకుంటాం, కాస్త ఉపశమనం. స్పర్శ నరాల కబురు నొప్పి కబురుకు వెన్నుపాములోనే అడ్డుపడుతుందని 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించారు. చర్మం మీద నుంచి నరాలకు కరెంటు పంపే టెన్స్ మిషన్ వెనకున్న సూత్రం అదే. కంటి నొప్పినీ, నుదుటి స్పర్శనూ మోసేది ట్రైజెమినల్ నరం మొదటి కొమ్మే కాబట్టి, కనుబొమ్మల పైన జిగురు ప్యాడ్ అంటించి సన్నటి కరెంటు పంపుతారు, నుదురంతా చిమచిమలాడుతుంది. ఇలాంటి సెఫాలీ అనే పరికరాన్ని మైగ్రేన్ రాకుండా వాడేందుకు అమెరికా ఎఫ్‌డీఏ 2014లో అనుమతించింది. మయామీలో అనత్ గలోర్ తదితరులు దీర్ఘకాలపు కంటినొప్పికి కరెంటు వాడి చూసి, నొప్పీ వెలుతురు బాధా తగ్గాయని 2018లో రాశారు. అయితే రోగులు కొద్దిమందే. ఉత్తుత్తి మిషన్ పెట్టి పోల్చి చూసిన రెండో గుంపూ లేదు.

ఆశ పెట్టుకోవచ్చు, కానీ మిషన్ కన్నా ముందు ఒక చుక్క ఉంది. కంట్లో మత్తు చుక్క వేసి కాసేపాగి ‘ఇప్పుడెలా ఉంది?’ అని అడగడమే. నొప్పి పోతే మూలం కంటి పైపొరలో ఉన్నట్టు. పోకపోతే చాలావరకు ఇంకా లోపల, మెదడు వైపు నరాల్లో. నిమిషాల పని. అది అడిగి చేయించుకోండి. నడుంనొప్పి మిషన్ ఆన్‌లైన్లో తెప్పించి ప్యాడ్లు కళ్ల మీద పెట్టుకోవద్దు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దాని జోలికే పోవద్దు. ఇంట్లో కూడా నల్లకళ్లజోడు తియ్యకపోతే వెలుతురు ఇంకా భరించరానిదవుతుంది.

ఇంకొకటి. సీటు మీదున్న ట్యూబ్‌లైటు తీయించమంటే హెచ్‌ఆర్ వాళ్లు సర్టిఫికెట్ అడుగుతారు. ‘కార్నియా నార్మల్’ అని రాసిన కాగితం అక్కడ చెల్లదు. పరీక్షలో నరాల నొప్పేనని తేలితే ‘న్యూరోపతిక్ కార్నియల్ పెయిన్’ అని పేరు పెట్టి చీటీ మీద రాయమని డాక్టరుగారిని గట్టిగానే అడగండి.