కరపత్రం రాసేముందు మమ్మల్ని పిలవండి

ఆస్తమా గురించి తెలుగులో వేసే కరపత్రాలు ఎప్పుడైనా చదివారా? "ప్రేరేపక కారకాలకు దూరంగా ఉండవలెను" అంటాయి. బి.ఏ. తెలుగు చదివిన నాకే రెండోసారి చదివితే గానీ ఎక్కలేదు. మన ఇళ్ళల్లో ఏమంటాం? దుమ్ము పడదు, పోపు ఘాటు పడదు, అగరొత్తుల పొగ పడదు. "పడదు" అనే చక్కటి మాట ఉండగా ఈ కారకాలెందుకండీ?

భాష సంగతి అలా ఉంచండి. దుమ్ముకి దూరంగా ఉండమంటారు సరే, ఆయాసం ఇల్లాలికే ఉంటే ఇల్లు ఊడ్చేదెవరు? ఎండుమిరపకాయలు వేయించేదెవరు? ఆ వాక్యం రాసినాయన ఎన్నడూ చీపురు పట్టి ఉండడు. "ఊడ్చే పని ఇంట్లో మగవాళ్ళకి అప్పగించండి" అని ఒక్క ముక్క రాయడానికి చెయ్యి రాలేదు కాబోలు!

బాగున్న రోజుల్లో కూడా రోజువారీ ఇన్‌హేలర్ మానొద్దని రాస్తారు. నిజమే. కానీ ఎందుకు మానేస్తున్నారో ఎవరైనా అడిగారా? "అలవాటైపోతుందే" అంటారు అత్తగారు. "పెళ్ళి కావాల్సిన పిల్లవి, నలుగురిలో పీల్చకు" అంటుంది మేనత్త. ఆ పిల్ల రోజూ వాడాల్సింది మానేసి, ఆయాసం వచ్చినప్పుడు వాడేది మాత్రం బ్యాగు అడుగున దాచుకుని, బాత్రూమ్‌లో పీల్చుకుంటుంది. అచ్చంగా ఆ ఒక్కదానితోనే నెట్టుకురావడం ప్రమాదమని, ఆస్తమా వైద్యానికి ప్రపంచమంతటికీ మార్గదర్శకాలిచ్చే గినా సంస్థ 2019లోనే హెచ్చరించింది. ఆ హెచ్చరిక డాక్టర్ల దాకా వచ్చింది. మేనత్త దాకా రాలేదు. ఆవిడ కోసం ఏ కరపత్రంలోనూ ఒక్క వాక్యం నాకు కనబడలేదు.

మృగశిర కార్తెకి హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేపమందు కోసం వేలమంది క్యూ కడతారు. చదువుకున్నవాళ్ళు నవ్వుతారు. అది పనిచేస్తుందని రుజువు లేదు, నేనెవర్నీ వెళ్ళమనను. కానీ అక్కడ పథ్యం చెబుతారు. పథ్యమంటే ఇల్లంతా వింటుంది, వంటే మారిపోతుంది. ఇన్‌హేలర్ చీటీ ఒక్క మనిషితోనే మాట్లాడుతుంది. ఈ తేడా పట్టుకోవాలంటే ఆ క్యూలో నిలబడ్డ తల్లినే అడగాలి.

మందు మోతాదు మేం చెబుతామనడం లేదు, అది డాక్టర్ల పనే. ఏడ్చి గింజుకునే రెండేళ్ళవాడి మొహానికి స్పేసర్ మాస్కు ఆనించి ఎలా పట్టుకోవాలో మాత్రం రోజూ పట్టుకునే తల్లికే బాగా తెలుసు. అంతా అచ్చయ్యాక "బాగుందా అమ్మా?" అని అడగడం కాదు, మొదటి కాగితం మీద మొదటి గీత గీసేటప్పుడే పిలవండి. ఆయాసం ఉన్న ఇల్లాలినీ, స్కూలు పిల్లాడి తల్లినీ, మనవణ్ణి చూసుకునే అమ్మమ్మనీ కూర్చోబెట్టండి. పిల్లలు బడినుంచి వచ్చేలోపు ముగించండి. బస్సు ఛార్జీలు మీరే ఇవ్వండి.