చిరునవ్వు డ్యూటీ - నవ్వు నేరం!

"నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదు" అన్న మహానుభావుడెవరో తెలియదు గానీ, ఆయన ఏ లోకాన వున్నా సరే, ఒక్క ప్రశ్న వెయ్యాలని నాకు ఎన్నాళ్ళ నుంచో కోరిక. "అయ్యా! తమరి ఇంట్లో ఆడవాళ్ళు అసలు నవ్వేవారు కాదా? లేక తమరు ఇంట్లో లేనప్పుడే నవ్వేవారా?" అని. నాకైతే రెండోదే నిజమనిపిస్తుంది.

పాత సామెత కదా, ఇప్పుడెవరు పట్టించుకుంటున్నారు అంటారా? నోటితో అనడం మానేశాం, అంతే. ఆచరణలో మాత్రం నిక్షేపంలా బతికే వుంది. ఏ బ్యాంకుకో, ఆసుపత్రికో వెళ్ళి చూడండి. కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి చిరునవ్వుతో పలకరించాలి. అది ఉద్యోగ ధర్మం. పలకరించకపోతే "మొహం మాడ్చుకుని కూచుంటుందండీ" అని ఫిర్యాదు. అదే అమ్మాయి పక్క సీటు ఆవిడ మాటకి పకపకా నవ్విందనుకోండి, "ఇది ఆఫీసా, సంతా?" అన్నట్టు లోపలి గదిలోంచి ఒక దగ్గు వినిపిస్తుంది. నర్సమ్మ చిరునవ్వుతో సూది వెయ్యాలి. తోటి నర్సుతో కలిసి నవ్విందా, "రోగులంటే లెక్కలేదు". కోడలు పిల్ల నవ్వు మొహంతో కాఫీ అందించాలి. వంటింట్లోంచి నవ్వు వినిపించిందా, "ఏమిటా ఇకఇకలు?"

చూశారా కిటుకు? చిరునవ్వు ఎదుటివాళ్ళ కోసం. నవ్వు మన కోసం. మొదటిది మన దగ్గర వసూలు చేస్తారు. రెండోదానికి జరిమానా వేస్తారు. పై అధికారి గారు పోయిన సంక్రాంతికి చెప్పిన జోకే ఈ సంక్రాంతికీ చెబితే మాత్రం నవ్వి తీరాలి. అది నేరం కాదు, క్రమశిక్షణ!

ఒక సాహిత్య సభలో అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ, "ఈవిడ హాస్యం రాస్తారు. కానీ మంచి రచనలు కూడా చేశారు" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం ఆ 'కానీ' ఇంతవరకూ అరగలేదు. ప్రజ్ఞ ఒక గట్టున, పరిహాసం ఒక గట్టున వుంటాయనీ, ఒకటి వుంటే రెండోది వుండదనీ మనవాళ్ళకి గుడ్డి నమ్మకం. "నవ్వు నాలుగు విధాల చేటు" అని ఇంకో సామెత. ఆ నాలుగూ ఏవో నాకు ఇంతవరకూ ఎవరూ వేళ్ళు మడిచి చెప్పలేదు. భారత యుద్ధం ఎందుకొచ్చిందని అడగండి, "ద్రౌపది నవ్వింది కదా" అనేవాళ్ళు ఎంతమందో! మాయాజూదం కాదట, దుర్యోధనుడి దురాశ కాదట, అయిదూళ్ళు కూడా ఇవ్వననడం కాదట. ఒక ఆడది నవ్విందట, పద్దెనిమిది అక్షౌహిణులు నేలకూలాయట!

ఆ భారతాన్ని తెలుగు చేసిన తిక్కన సోమయాజి మా నెల్లూరువాడు. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో మంత్రి, పైగా యజ్ఞం చేసినవాడు. ఇంతకంటే గంభీరమైన హోదా ఏముంటుంది? పదిహేను పర్వాల బరువు నెత్తిన పెట్టుకుని ఆయన మొదలుపెట్టింది విరాటపర్వంతో. అందులో ఉత్తరకుమారుడున్నాడే, ఆడవాళ్ళ ముందు కౌరవసేనను మాటలతో చీల్చి చెండాడి, తీరా ఆ సేన కంటపడగానే రథం దిగి పరుగు లంకించుకున్నవాడు, ఆ రాజకుమారుడి ప్రగల్భాలు తిక్కనగారు మొహం గంటు పెట్టుకుని రాశారంటే నేను నమ్మను. హాస్యం రాసినందుకు ఆయన్ని "కానీ మంచి రచనలు కూడా చేశారు" అని ఎవరూ పరిచయం చెయ్యరు కదా!

తిక్కన దగ్గర్నుంచి మన కాలానికి వద్దాం. ఊరు మారక్కర్లేదు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి నాన్నగారు సాంబమూర్తి గారు నెల్లూరులో హరికథలు చెప్పేవారు. హరికథ అంటే ఏమిటో నడివయసు దాటినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిడతలు. పాట, పద్యం, వచనం, అభినయం అన్నీ ఒక్క మనిషే. మధ్యలో పిట్టకథ. జనం కునికిపాట్లు పడే వేళ కనిపెట్టి పిట్టకథ విప్పాలి. నవ్వించాలి. ఆ నవ్వు సద్దుమణిగేలోగా మళ్ళీ రాగంలోకి రావాలి. శ్రుతి తప్పితే జనం నవ్వేది పిట్టకథకి కాదు, దాసుగారికి!

ఆ ఇంట పెరిగిన కుర్రవాడు 1966లో మొదటి సినిమా పాట పాడాడు. పద్ధతిగా శాస్త్రీయ సంగీతం నేర్చుకోకపోయినా, 1980లో విడుదలైన 'శంకరాభరణం'కి పాడి జాతీయ బహుమతి తెచ్చుకున్నాడు. మొత్తం మీద నాలుగు భాషల్లో అలాంటివి ఆరు. అదే మనిషి 1976లో 'మనుషులంతా ఒక్కటే'లో అల్లు రామలింగయ్య గారికి పాడితే, రామలింగయ్యగారే పాడేశారేమో అనిపించింది. ఆయన పాటల్లో మధ్యమధ్య చిన్న నవ్వొకటి దొర్లుతుంది, విన్నారా? తేలికేలే అనుకుంటున్నారేమో, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒక్కసారి పాడుతూ నవ్వి చూడండి. ఊపిరి అయిపోతుంది, తాళం జారిపోతుంది, పాట ఎక్కడుందో వెతుక్కోవాలి. బాలుగారి నవ్వు తాళంలోనే పడేది. ఊపిరి మీద అంత అధికారం వున్నవాడికే ఆ నవ్వు దక్కుతుంది. పని రానివాడి నవ్వు వేరు, పని చేతిలో వున్నవాడి నవ్వు వేరు.

1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలయ్యాక ఆయన్ని మనం ఇంటి మనిషిలా చూశాం. పాడిన పిల్ల ఎక్కడ శ్రుతి జారిందో, ఏ అక్షరానికి ఒత్తు తగ్గిందో ఆయన దాచేవారు కాదు. అయితే చెప్పే ముందో, చెప్పిన వెనకో ఒక చమత్కారం. అది చాలాసార్లు తన లావు మీదో, తన పొరపాటు మీదో. పిల్ల నవ్వేది. నవ్వుతూనే తప్పు దిద్దుకునేది. ఆ నవ్వు వల్ల తప్పు చిన్నది కాలేదు, భయం చిన్నదయింది. బెత్తం పట్టుకుని సంగీతం చెప్పే గురువులూ, ఫైలు విసిరికొట్టి పని నేర్పే ఆఫీసర్లూ ఈ ఒక్క సంగతీ గ్రహిస్తే ఎంత బాగుండును! ఆయన 2020 సెప్టెంబరు 25న వెళ్ళిపోయారు. ఆయన పాటలు విన్నంతమందిమీ ఈ పాఠం విన్నామా అన్నది నా అనుమానం.

"బాగానే వుందమ్మా, ఆయన మగవాడు. ఆయన నవ్విస్తే సరసం. అదే కుర్చీలో ఆడది కూర్చుని అన్ని జోకులు వేస్తే?" అంటారు మీరు. నేనూ అక్కడికే వస్తున్నాను. మాకు ఉత్తరాన, ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతి గారున్నారు. నటి, గాయని, స్టూడియో నడిపిన మనిషి. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ తనే డైరెక్టు చేశారు. ఇంత చాకిరీ మధ్య 'అత్తగారి కథలు' రాసి తెలుగిళ్ళన్నిటినీ నవ్వించారు. ఆ కథల్లో అత్తగారి చాదస్తం చూసి నవ్వుకుంటాం, పుస్తకం మూసేసరికి అత్తగారి మీద ప్రేమ కలుగుతుంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి కూడా ఇచ్చింది. మరి లోకం ఆవిడకిచ్చిన బిరుదేమిటి? "భానుమతికి పొగరు!" పని తెలిసి, నోరు తెలిసి, నవ్వడమూ తెలిసిన మగవాడు చమత్కారి. ఆ మూడూ తెలిసిన ఆడది పొగరుబోతు. తక్కెడ ఒకటే, రాళ్ళు మాత్రం వేరు!

ఇది చదువుకున్నవాళ్ళ గొడవ అనుకోకండి. మైపాడు వైపు నుంచో, కృష్ణపట్నం వైపు నుంచో గంప నెత్తిన పెట్టుకుని వచ్చే చేపలామెను చూడండి. మొప్ప ఎత్తి చూపించి ఎరుపు తేల్చేస్తుంది. లెక్క నోటితోనే కట్టేస్తుంది, పైసా తేడా రాదు. మనం బేరం సాగదీస్తుంటే, "ఏందక్కా, చేపను చూడమంటే నా మొహం చూస్తుండావే! నన్ను కొనేటట్టా, చందువను కొనేటట్టా?" అంటుంది. మనం నవ్వేస్తాం, కొనేస్తాం. ఆమె ఎంత చదివిందని అడుగుతాం గానీ, ఆమె వ్యాపారం ఎంత బాగా చేస్తుందో మనకు తట్టదు.

అదే తీరంలో రొయ్యల షెడ్లున్నాయి. మంచులో వేళ్ళు కొంకర్లు పోతుంటే తలలు తీసి, పొట్టు వలిచే ఆడవాళ్ళు మాటా మాటా అనుకుని నవ్వుకుంటారు. వెంటనే ఒక కేక, "నోళ్ళు కాదు, చేతులాడించండి!" కిలోల లెక్కన కూలి ఇచ్చే చోట నవ్వితే తక్కెడలో రొయ్యలేమైనా తగ్గుతాయా? తగ్గవు. ఆ కేక వేసేవాడికి కావలసింది రొయ్యలు కాదు, భయం. నలుగురు ఆడవాళ్ళు కలిసి నవ్వుతున్నారంటే, రేపు కలిసి కూలి పెంచమని అడుగుతారేమోనని ఆయన బెంగ. ఆ బెంగ అబద్ధం కూడా కాదు!

ఇక పని మీద శ్రద్ధ వుంటే నవ్వెలా వస్తుందనేవాళ్ళకి ఒక్క సంగతి. 1969 నవంబరులో అపోలో 12 చంద్రుడి మీదికి బయల్దేరిన నిమిషంలోపే దాని మీద రెండుసార్లు పిడుగు పడింది. హెచ్చరిక దీపాలు గుత్తులు గుత్తులుగా వెలిగాయి. కింద కూర్చున్న ఒక కుర్ర ఇంజనీరు ఏ స్విచ్చి మార్చాలో చెప్పాడు, పైనున్నవాళ్ళు మార్చారు. గండం గడిచింది. ఆ తరవాత కాన్రాడ్, తోటివాళ్ళిద్దరూ కక్ష్య చేరేదాకా నవ్వుకుంటూనే వెళ్ళారు. ముందు స్విచ్చి, తరవాత నవ్వు. బాధ్యత లేని మనుషులని వాళ్ళనెవరూ అనలేదు.

మన రాకెట్లు లేచే శ్రీహరికోట మొన్నమొన్నటిదాకా మా నెల్లూరు జిల్లాలోదే. 2022లో తిరుపతి జిల్లాలో కలిపారు. సముద్రం మాత్రం మారలేదు లెండి! 2013 నవంబరు 5న మంగళయాన్ అక్కణ్ణుంచే బయల్దేరింది. 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలోకి చేరింది. ఆ రోజు బెంగుళూరు కేంద్రంలో తీసిన ఫోటో ఒకటి ప్రపంచమంతా తిరిగింది. పట్టుచీరలు, తలలో పూలు, ఒకరినొకరు వాటేసుకుని మనసారా నవ్వుతున్న ఆడవాళ్ళు. ఎవరి కోసమో పూసుకున్న చిరునవ్వు కాదది. సొంత నవ్వు! "వాళ్ళు సైంటిస్టులు కారండీ, పాలనా విభాగం వాళ్ళు" అని తరవాత కొందరు లెక్కలు తీశారు. తీస్తే తీశారు. నందినీ హరినాథ్, రీతూ కరిధాల్ లాంటి ఇంజనీర్లు ఆ ప్రయోగాన్ని నడిపినవాళ్ళలో వున్నారా లేదా? అయినా జీతాల బిల్లు రాసిన చెయ్యి లేకుండా రాకెట్టేమైనా లేచిందా? నవ్వే ఆడదాన్ని నమ్మకూడదన్న దేశం, అంగారకుడి దాకా ఆడవాళ్ళని నమ్మే వెళ్ళింది!

అయితే ఒక్కమాట. నవ్వు పేరు చెప్పి అంటగట్టే సరుకంతా నవ్వు కాదు. పెళ్ళాం మీద జోకులు వేసి, ఆమె మొహం చిన్నబుచ్చుకుంటే "నీకు హాస్యం తెలీదు" అనడం హాస్యం కాదు, దౌర్జన్యం. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి రంగుబుడగలు కట్టి, "అందరూ సరదాగా వుండాలి, ఇది ఆర్డరు" అనే కొత్తరకం ఆఫీసుల వేడుక నవ్వు కాదు, ఓవర్‌టైమ్. "నవ్వుతూ చెయ్యమ్మా" అని జీతం పెంచకుండా రెండో మనిషి పని కూడా నెత్తిన రుద్దితే, ఆ నవ్వు మనల్ని చూసి వాళ్ళు నవ్వుకునేది. పని రాకుండా నవ్వులతో నెట్టుకొచ్చేవాళ్ళనీ నేను సమర్థించడం లేదు. శ్రుతి లేని పాటకి పిట్టకథ అతికించినట్టుంటుంది అది. నేనడిగేది ఒక్కటే. పని బాగా చేసిన ఆడదానికి, ఆ పనిలో తన నవ్వు తను నవ్వుకునే హక్కు. ఆ హక్కు లేకపోతే జీతం వస్తుంది గానీ, ఆ పని తనదన్న సంతోషం రాదు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో రోజూ ఎనిమిది గంటలు నవ్వు బిగబట్టుకోవడమంటే, జీవితంలో ఎంత భాగం ఊపిరి బిగబట్టినట్టో మీరే లెక్క కట్టండి.

కాబట్టి తల్లులారా, అత్తలారా, హెడ్‌మిస్ట్రెస్‌లారా! ఇకమీదట అమ్మాయి నవ్వితే "ఏమిటా పళ్ళికిలింపు?" అనకండి. "పనయిందా?" అని అడగండి. అయిందంటే, ఏమిటా నవ్వు సంగతని అడిగి మీరూ పక్కన కూర్చోండి.