గట్టిదానికి బెజ్జం



ఇంట్లో పాత కంప్యూటరు మూలబడితే, అందులోని ప్రాసెసరును ఊడదీసి, ఒక మూల బెజ్జం వేసి తాళంచెవులకు తగిలించుకోవాలని మన యౌవనస్థులు కొందరు ముచ్చటపడతారు. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ పని చూచినంత సులువు కాదు. ఎందుకో ఈ నెల ఆలోచించుదము.

రాతిని తొలచటం మన పల్నాటివారికి కొత్త కాదు. మన మాచర్ల నాపరాయి సున్నపురాయి జాతిది. గట్టిదనాన్ని 1 నుండి 10 వరకు లెక్కించే మోస్ కొలతలో సున్నపురాయి సుమారు 3 దగ్గర ఉంటుంది. ఇక్ష్వాకుల కాలములో, అనగా దాదాపు 1700 ఏండ్ల క్రితము, నాగార్జునకొండ శిల్పులు పల్నాటి సున్నపురాతి మీద ఉలితో అంత నాజూకైన బొమ్మలు చెక్కగలిగారు.

పాత ప్రాసెసరు సంగతి వేరు. ఇంటెల్ సంస్థ 1989లో తెచ్చిన 486, 1993లో తెచ్చిన మొదటి పెంటియం వంటి వాటిలో చాలావాటి పైకవచము పింగాణీ వంటి పదార్థము. దాని పేరు అల్యూమినియం ఆక్సైడు. కెంపు, నీలము అనే రత్నములు కూడ ప్రధానముగా అదే పదార్థము. మోస్ కొలతలో ఆ రత్నములకు 9, వజ్రమునకు 10. ఇనుమును తొలిచే మామూలు బిట్టు దీనిమీద జారి, వేడెక్కి, మొద్దుబారుతుంది. కోపమొచ్చి గట్టిగా అదిమినా, గోడలకు వాడే సుత్తిదెబ్బల డ్రిల్లు పెట్టినా బెజ్జం పడకముందే అది పగులుతుంది. పింగాణీకి వంగటం తెలియదు.

దీనికి వజ్రపు పొడి అంటించిన బిట్టు కావాలి. కింద చెక్కముక్క, పైన నీళ్లు, తక్కువ వేగము, తేలిక చెయ్యి ఉండాలి. నడుమ సిలికాన్ బిళ్ల ఉంటుంది గనుక అంచునే వేయాలి. కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి, పొడి పీల్చకూడదు. ఏమిటో తెలియని పాత పరికరముల పింగాణీ జోలికి మాత్రము పోవద్దు. కొన్నిటిలో బెరీలియం ఆక్సైడు వాడారు. దాని పొడి ఊపిరితిత్తులకు తీరని హాని చేయగలదు.

మన ఇండ్లలో కూడ గట్టిపడినవారు ఉంటారు. తండ్రితో మాట మానిన కొడుకు, గట్టు తగాదాతో ఒకరి గడప ఒకరు తొక్కని అన్నదమ్ములు. పల్నాటి పౌరుషమని మనము గొప్పగా చెప్పుకొంటాము గాని, ఒకే తండ్రి బిడ్డల పంతమే 12వ శతాబ్దములో కారెంపూడి రణరంగమునకు దారితీసింది. నలుగురిలో నిలదీసి, అరచి, ఒత్తిడి పెంచితే మనిషి మెత్తబడడు, పగులుతాడు. పగిలినదాన్ని అతికించటం ఎంత కష్టమో ఆ ఇంటి తల్లిని అడగండి.

దీర్ఘశాంతమునకు, మృదువైన మాటకు ఉన్న శక్తిని సామెతలు 25:15 చెప్పుచున్నది. మెత్తని మాట అంటే తప్పును కప్పిపుచ్చే మాట కాదు. వజ్రపు మొన వాడియైనదే, అయినా దానికి నీళ్లు, నిదానము కావాలి. సత్యమునకు కూడ ప్రేమ, ఓర్పు అలాగే కావాలి. అంతకు మించినది, అనగా రాతిగుండెను తీసి మాంసపు గుండెనిచ్చుట, యెహెజ్కేలు 36:26 ప్రకారము దేవుని పని. అది మన చేతిలోనిది కాదు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో అలాంటి ఒక్కరి పేరు ఎత్తి ప్రార్థించండి. తరువాత వారింటికి వెళ్లండి. తగాదా సంగతి ఆ రోజు ఎత్తవద్దు, కుశలమడిగి రండి.